పంటి డాక్టరు బూచి కాదు: చిన్న బిడ్డను మొదటి దంత పరీక్షకు సిద్ధం చేయడం ఎలా?



ఆసుపత్రి వరండాలో నేను నడిచి వెళుతూ ఉంటే, బల్లల మీద కూర్చున్న తల్లులు ఏడుస్తున్న పిల్లలకు నన్ను చూపిస్తూ ఉంటారు. "అదుగో, సిస్టరమ్మ వస్తోంది. ఏడుపు ఆపకపోతే సూది వేస్తుంది" అంటారు. బిడ్డ టక్కున నోరు మూసుకుంటుంది. తల్లి పని అయిపోయింది. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. నర్సుగా నాకు ముప్పై ఏళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలకు నేను బూచినయ్యానో లెక్క లేదు.

ఇప్పుడు నవ్వి ఊరుకోవడం లేదు. ఆ తల్లి పక్కన కూర్చుని ఒక మాట చెబుతున్నాను. ఈ రోజు ఏడుపు ఆపడానికి చెప్పిన ఆ బెదిరింపు, రేపు అదే బిడ్డ పంటి నొప్పితో వచ్చినప్పుడు మనందరికీ అడ్డం వస్తుంది. తెల్ల కోటును చూసి నోరు బిగించడం నేర్చుకున్న బిడ్డ చేత మళ్ళీ నోరు తెరిపించడం ఎంత కష్టమో, దంత విభాగంలో పనిచేసే సిస్టర్లను అడిగితే చెబుతారు.

అందుకే ఈసారి చిన్న పిల్లల మొదటి దంత పరీక్ష గురించి రాస్తున్నాను. ఏడాది నుండి మూడేళ్ళ లోపు బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో, ముఖ్యంగా అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా, దీన్ని చదవాలని నా కోరిక.

నేను చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పే ముందు నా ఇంటి సంగతి చెప్పాలి. మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు కింది దవడ పన్ను పుచ్చి బుగ్గ వాచింది. రాత్రంతా ఏడ్చాడు. అంతకు రెండు నెలల ముందే ఆ పంటి మీద నల్ల మచ్చ చూశాను. నర్సునై ఉండి కూడా "పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది" అని ఊరుకున్నాను.

తెల్లవారగానే ఒక పంటి డాక్టరు దగ్గరికి బయలుదేరాం. "ఎక్కడికమ్మా?" అని వాడు అడిగితే "ఐస్‌క్రీం కొనుక్కుందాం రా నాన్నా" అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టాక "ఏమీ చెయ్యరు, ఊరికే చూస్తారు" అన్నాను. కాసేపటికే ఇద్దరం గట్టిగా పట్టుకుంటే మత్తు సూది వేసి పన్ను తీసేశారు. ఇంటికి వచ్చే దారిలో వాడు నా చంక దిగి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోయాడు. సాయంత్రం వరకు నా దగ్గరికి రాలేదు.

ఇప్పుడు వాడికి ముప్పై నిండాయి. పన్ను నొప్పి పెడితే మాత్ర మింగి రోజులు నెట్టుకొస్తాడే గాని ఆ కుర్చీ ఎక్కడు. డాక్టరు గారు తన పని తాను చక్కగానే చేశారు. తప్పు నాది. ఆలస్యం చేశాను, ఆపైన అబద్ధం చెప్పాను. వాడికి పాప పుట్టినప్పుడు ఈ రెండూ మళ్ళీ జరగకూడదని కోడలూ నేనూ ముందే అనుకున్నాం. మనవరాలికి మేము ఏమేం చేశామో ఈ వ్యాసంలో చెబుతాను.

మొదటిసారి ఎప్పుడు తీసుకురావాలి?

మొదటి పన్ను కనిపించిన 6 నెలల లోపల, ఎంత ఆలస్యమైనా మొదటి పుట్టినరోజు నాటికి. అమెరికాలోని పిల్లల దంతవైద్యుల అకాడమీ ఇచ్చే సలహా ఇదే. మన దేశంలోని పిల్లల దంతవైద్యులు కూడా ఇదే చెబుతున్నారు.

ఇది వినగానే చాలామంది నవ్వుతారు. "ఉన్నవే ఆరు పళ్ళు, వాటికి డాక్టరా?" అంటారు. కారణాలు మూడు ఉన్నాయి.

ఒకటి, ఆ రోజు బిడ్డకు ఏ నొప్పీ ఉండదు. చూస్తారు, లెక్కపెడతారు, పంపిస్తారు. ఆ గది, ఆ కుర్చీ, ఆ మనుషులు నొప్పితో కలిసి బిడ్డ మనసులో పడరు.

రెండు, పన్ను చిగురు దాటి బయటికి వచ్చిన నాటి నుండే పుచ్చు పట్టే అవకాశం ఉంది. ఏడాదిన్నర బిడ్డల ముందు పళ్ళు అరిగిపోయి నల్లగా మొండెలై ఉండడం మేము చూస్తూనే ఉన్నాం.

మూడు, పళ్ళు ఎలా తోమాలో, రాత్రి పాలు ఎలా మాన్పించాలో నేర్చుకోవలసింది ఆ వయసులో బిడ్డ కాదు, తల్లి. మొదటి పరీక్షలో ఎక్కువ సమయం తల్లితో మాట్లాడడానికే పోతుంది.

మీ బిడ్డకు ఇప్పటికే రెండేళ్ళో మూడేళ్ళో దాటితే, ఆలస్యమైపోయిందని ఊరుకోవద్దు. నొప్పి లేని రోజు ఏదైనా సరే, ఆ రోజు తీసుకురండి.

"పాలపళ్ళే కదా!" అనుకోవద్దు

పాలపళ్ళు మొత్తం 20. సాధారణంగా 6వ నెల ప్రాంతంలో కింది ముందు పళ్ళతో మొదలై, రెండున్నర, మూడేళ్ళకు అన్నీ వస్తాయి. ఆరేళ్ళ ప్రాంతంలో ఊడడం మొదలవుతుంది. అయితే అన్నీ ఒకేసారి ఊడవు. వెనుక దవడ పాలపళ్ళు 10 నుండి 12 ఏళ్ళ వరకు నోట్లో ఉండవలసినవే. మూడేళ్ళకు పుచ్చిన దవడ పన్నుతో బిడ్డ ఏడెనిమిదేళ్ళు అన్నం నమలాలి. "ఎలాగూ ఊడిపోతుంది" అనే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

పాలపన్ను కింద ఎముకలో శాశ్వత దంతం తయారవుతూ ఉంటుంది. పాలపన్ను చీము పడితే ఆ కింది దంతం మీద కూడా మచ్చ పడవచ్చు. పాలపన్ను ముందుగా తీసేయవలసి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, వెనుక వచ్చే దంతానికి చోటు చాలక వంకరగా వస్తుంది. ఇక నొప్పి వల్ల తిండి తగ్గడం, నిద్ర చెడడం, బరువు పెరగకపోవడం తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

పన్నులో పురుగు ఉంటుందనీ, పసరు పోసి దాన్ని బయటికి తీస్తామనీ చెప్పేవారు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. పన్నులో పురుగు ఉండదు. నోట్లో ఉండే కంటికి కనిపించని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని పులిసేలా చేసి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పంటి పై పొరను కరిగిస్తుంది. అదే పుచ్చు. ఎంత తీపి తిన్నారు అనే దానికంటే, రోజులో ఎన్నిసార్లు తిన్నారు, తిన్నాక ఎంతసేపు పంటిని అంటి ఉంది అన్నది ముఖ్యం.

పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు అందుకే ఎక్కువ ప్రమాదం. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది. పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది ముందు పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి చాలావరకు బాగానే ఉంటాయి. తల్లికి కిందివే కనిపిస్తాయి గనుక "మా పాప పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి" అనుకుంటుంది. కాబట్టి నెలకు ఒకసారి బిడ్డ పై పెదవిని మెల్లగా పైకెత్తి చూడండి. చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత కనిపిస్తే అది పుచ్చుకు మొదటి గుర్తు. ఆ దశలో చూపిస్తే చాలావరకు సూది, డ్రిల్లు లేకుండానే ఆపవచ్చు.

భయం ఎక్కడ నుండి వస్తుంది?

ఏడాది, రెండేళ్ళ బిడ్డకు పంటి డాక్టరు అంటే ఏమిటో తెలియదు. తెలియని దానికి భయపడడం ఎలా నేర్చుకుంటుంది? కొంత వయసు వల్ల, కొంత అనుభవం వల్ల, చాలా వరకు మన మాటల వల్ల.

వయసు సంగతి చూద్దాం. ఎనిమిది తొమ్మిది నెలల నుండి రెండు రెండున్నరేళ్ళ వరకు పిల్లలు కొత్త మనిషిని చూస్తే తల్లిని కరుచుకుపోతారు. వెల్లకిలా పడుకోబెట్టినా బెదురుతారు. ఇది పెరుగుదలలో మామూలే. మొండితనం కాదు.

అనుభవం అంటే టీకాలు. 9 నెలలు దాటాక ఒకసారి, మళ్ళీ 16 నుండి 24 నెలల మధ్య బిడ్డకు టీకాలు పడతాయి. అవి తప్పక వేయించాలి. కాని తెల్ల కోటు అంటే సూది అని బిడ్డకు గుర్తుండిపోతుంది. కాబట్టి టీకా రోజునే పంటి పరీక్ష పెట్టుకోవద్దు. రెండు మూడు వారాలు గడిచాక రండి.

ఇక మన మాటలు. "అన్నం తినకపోతే పళ్ళు పీకిస్తా" అంటాం. పెద్దవాళ్ళం మన పన్ను తీయించుకొచ్చి "ప్రాణం పోయిందనుకో" అని బిడ్డ ముందే వర్ణిస్తాం. బిడ్డ ఆడుకుంటున్నట్టే ఉంటుంది, కాని ప్రతి మాటా వింటుంది. మాట అర్థం కాకపోయినా మన ముఖం చూసి గ్రహిస్తుంది.

ఇంట్లో రెండు వారాల ముందు నుండి

మనవరాలికి మేము చేసింది ఇదే. ఖర్చు లేదు. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

1. ఒళ్ళో పడుకోబెట్టి పళ్ళు తోమండి. ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురెదురుగా, మోకాళ్ళు తాకేలా కూర్చోండి. బిడ్డ కాళ్ళు తల్లి నడుము వైపు, తల రెండో మనిషి ఒళ్ళో. బిడ్డకు తల్లి ముఖం కనిపిస్తూ ఉంటుంది. తల ఉన్న వైపు మనిషి పళ్ళు తోముతారు. డాక్టరు గారు కూడా చిన్న పిల్లలను ఇలాగే చూస్తారు. ఇంట్లో అలవాటైతే అక్కడ కొత్తగా ఉండదు.

2. "ఆ" ఆట ఆడండి. గోరుముద్దలు తినిపించేటప్పుడు "ఆ" అంటే నోరు తెరవడం బిడ్డకు తెలుసు. అదే ఆటగా మార్చండి. మీరు "ఆ" అనండి, బిడ్డ అనాలి. తరువాత వేలితో తాకుతూ పళ్ళు లెక్కపెట్టండి. కొన్నాళ్ళకు మీ పళ్ళు లెక్కపెట్టమని బిడ్డకు మీ నోరు తెరవండి. మా పాపకు నా పళ్ళు లెక్కపెట్టడమే ఎక్కువ ఇష్టం. ఒకటి, రెండు తరువాత ఏడుకు వెళ్ళిపోయేది.

3. బొమ్మకు పరీక్ష చేయండి. బొమ్మను పడుకోబెట్టి చిన్న అద్దంతో, టార్చిలైటుతో దాని నోరు చూడండి. ఒకసారి మీరు డాక్టరు, ఒకసారి బిడ్డ డాక్టరు. ఆటలో సూది, పన్ను తీయడం తేవద్దు.

4. ముందు రోజు మాత్రమే చెప్పండి. రెండేళ్ళ బిడ్డకు వారం అంటే ఏమిటో తెలియదు. వారం ముందు చెబితే బెంగ పెరుగుతుంది. ముందు రోజు సాయంత్రం రెండు మాటలు చాలు: "రేపు మనం పంటి డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం. నీ పళ్ళు లెక్కపెడతారు. అమ్మ నీ దగ్గరే ఉంటుంది."

ఏమనాలి, ఏమనకూడదు

"నొప్పి ఉండదులే, భయపడకు" అనవద్దు. ఎందుకంటే బిడ్డ మనసులో అంతకు ముందు లేని రెండు మాటలు, నొప్పి, భయం, మనమే వేస్తున్నాం. "సూది వెయ్యరులే" అన్నా బిడ్డకు వినిపించేది సూది అన్న మాటే. 

"అద్దం పెట్టి చూస్తారు", "పళ్ళు లెక్కపెడతారు", "కుర్చీ పైకీ కిందికీ వెళ్తుంది" అనండి. ఇవన్నీ నిజాలే.

జరగబోయేది మీకు తెలియకపోతే మాట ఇవ్వవద్దు. "ఏం చేస్తారమ్మా?" అని బిడ్డ అడిగితే "డాక్టరు గారు ముందు మనకు చూపించి, చెప్పి చేస్తారు" అనండి.

బజారుకనో, ఐస్‌క్రీంకనో చెప్పి తీసుకురావద్దు. నా అనుభవం పైన రాశాను.

ఆ రోజు ఉదయం

బిడ్డ బాగా నిద్రపోయి లేచిన సమయం ఎంచుకోండి. చాలామంది పిల్లలకు ఉదయం మంచిది. మధ్యాహ్నం నిద్ర వేళకు తీసుకొస్తే ఎంత మంచి బిడ్డయినా చిరాకు పడుతుంది. ఓ.పి.లో రద్దీ తక్కువ ఉండే రోజు ఏదో ముందే అడిగి రండి.

తేలికగా తినిపించి, పళ్ళు తోమి తీసుకురండి. కడుపు నిండా తిన్న వెంటనే పడుకోబెడితే వాంతి కావచ్చు.

బిడ్డకు ఇష్టమైన బొమ్మనో, దుప్పటినో వెంట తెచ్చుకోండి. వాడుతున్న బ్రష్షు, పేస్టు, పాలసీసా, మందుల చీటీలు, టీకాల కార్డు తీసుకురండి. గుండె జబ్బు, ఫిట్స్, ఆస్తమా, ఏదైనా మందు పడకపోవడం వంటివి ఉంటే ముందే చెప్పాలి.

ఇద్దరికి మించి పెద్దవాళ్ళు రావద్దు. పంటి డాక్టరంటే మీకే భయం ఉంటే సిగ్గుపడనక్కరలేదు. బిడ్డను ఎత్తుకుని లోపలికి వెళ్ళే పని తండ్రికో, పిన్నికో, తాతయ్యకో ఇవ్వండి. మా ఇంట్లో మా అబ్బాయి బయట బల్ల మీద కూర్చున్నాడు. కోడలు పాపను లోపలికి తీసుకెళ్ళింది.

లోపల ఏం జరుగుతుంది?

ముందు డాక్టరు గారు మీతో మాట్లాడతారు. రాత్రి పాలు ఎలా ఇస్తున్నారు, ఏం తింటుంది, ఎవరు పళ్ళు తోముతారు, వేలు నోట్లో పెట్టుకుంటుందా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిడతారేమోనని దాచవద్దు. ఈ మాటలు జరుగుతుండగా బిడ్డ గదిని చూసి సర్దుకుంటుంది.

తరువాత పైన చెప్పినట్టు మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి, బిడ్డ తలను డాక్టరు గారి ఒళ్ళో దిండు మీద పెడతారు. బిడ్డ చేతులు మీరు పట్టుకోవాలి. పళ్ళు, చిగుళ్ళు, నాలుక, పెదవి లోపలి వైపు చూస్తారు. సాధారణంగా రెండు మూడు నిమిషాల పని. ఆ సమయంలో బిడ్డ ఏడవవచ్చు. మూడేళ్ళ లోపు పిల్లలు ఏడవడం మామూలే. ఏడ్చే బిడ్డ నోరు పెద్దగా తెరుస్తుంది కాబట్టి పని త్వరగా అయిపోతుంది కూడా. మీరు మాత్రం కంగారు పడవద్దు. మెల్లగా మాట్లాడుతూ ఉండండి. 

మూడేళ్ళు దాటిన బిడ్డ అయితే "చెప్పు, చూపించు, చెయ్యి" అనే పద్ధతి వాడతారు. 1959లో అడెల్‌స్టన్ అనే దంతవైద్యుడు దీన్ని వివరించారు. చేయబోయేది ముందు బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెబుతారు. తరువాత అద్దాన్ని చేతిలో పెట్టి, గాలి గొట్టాన్ని అరచేతి మీద ఊది చూపిస్తారు. ఆ తరువాతే నోట్లో చేస్తారు. ఆ సమయంలో మీరు మధ్యలో వచ్చి "తెరువు, తెరువు" అనవద్దు. ఒకసారి ఒక గొంతే బిడ్డకు వినిపించాలి.

అవసరమనుకుంటే పళ్ళకు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. చిన్న కుంచెతో రాస్తారు. నొప్పి ఉండదు. పళ్ళు ఒక రోజు కాస్త పసుపుగా కనిపించవచ్చు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు తోమాలో అడిగి తెలుసుకోండి.

బయటికి వచ్చాక "నోరు బాగా తెరిచావు", "కదలకుండా పడుకున్నావు" అని బిడ్డ చేసిన మంచి పనిని పేరు పెట్టి చెప్పండి. బాగా ఏడ్చినా "చివరిదాకా ఉన్నావు" అనవచ్చు. ఇంటికి వెళ్ళి "ఎంత గోల చేసిందో!" అని అందరికీ చెప్పి నవ్వవద్దు. చాక్లెట్ కొనిపెట్టవద్దు. బంతి, బెలూను, పార్కులో కాసేపు ఆట చాలు.

నొప్పితోనే మొదటిసారి రావలసి వస్తే

ఎంత అనుకున్నా కొందరికి అలాగే జరుగుతుంది. అప్పుడూ అబద్ధం చెప్పవద్దు. "నీ పన్ను నొప్పి పెడుతోంది కదా, డాక్టరు గారు దాన్ని బాగుచేస్తారు. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. అమ్మ చెయ్యి పట్టుకుని ఉంటుంది" అనండి.

నొప్పి పెట్టే పంటి మీద లవంగ నూనె పోయడం, మాత్ర నూరి చిగురు మీద పెట్టడం చేయవద్దు. చిగురు కాలి పుండు పడుతుంది. పారాసిటమాల్ కూడా బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. ఆస్పిరిన్ చిన్న పిల్లలకు ఇవ్వకూడదు.

ఈ కింది గుర్తులుంటే తెల్లవారే దాకా ఆగవద్దు, రాత్రయినా తీసుకురండి:

- బుగ్గ వాపు కంటి వరకు గాని, దవడ కింద మెడ వరకు గాని పాకడం
- వాపుతో పాటు జ్వరం, బిడ్డ నీరసించిపోవడం
- మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం, ఊపిరి కష్టంగా ఉండడం
- పడి దెబ్బ తగిలి నోట్లో రక్తం ఆగకపోవడం

పడినప్పుడు పాలపన్ను ఊడి చేతికి వస్తే దాన్ని తిరిగి చిగురులో గుచ్చవద్దు. కింద ఉన్న దంతానికి దెబ్బ తగులుతుంది. పన్నును వెంట తీసుకుని వెంటనే చూపించండి.

పుచ్చు ఉన్న ప్రతి పన్నూ తీయవలసిన పని లేదు. మరీ చిన్న పిల్లలకు పుచ్చును ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందును పంటి మీద పూయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. సూది, డ్రిల్లు అక్కరలేదు. పుచ్చిన చోటు నల్లగా మారుతుంది. అది ముందే తెలిసి ఉంటే తల్లి కంగారు పడదు.

తల్లులు తరచు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ఏడాది బిడ్డకు పేస్టు వాడవచ్చా?
జవాబు: మొదటి పన్ను వచ్చిన నాటి నుండి మెత్తని చిన్న బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోమాలి. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. అయితే నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో కొన్ని ఊళ్ళ భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. మీరు బోరు నీళ్ళు తాగే ఊరివారైతే ఆ సంగతి డాక్టరు గారికి చెప్పి, ఆయన సలహా ప్రకారం చేయండి. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు బిడ్డ పళ్ళకు వాడవద్దు.

ప్రశ్న: పళ్ళు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు సహజమే కదా?
జవాబు: చిగుళ్ళ దురద, చొంగ, కాస్త చిరాకు సహజం. ఎక్కువ జ్వరం, విరేచనాలు పళ్ళ వల్ల కావు. ఆ వయసులో బిడ్డ దొరికిన ప్రతి వస్తువూ నోట్లో పెట్టుకుంటుంది, దాని వల్ల రోగం వస్తుంది. "పళ్ళ జ్వరమే" అని ఇంట్లో ఉంచకుండా చూపించండి.

ప్రశ్న: పై పళ్ళు ముందు వచ్చాయి. మేనమామకు మంచిది కాదంటున్నారు.
జవాబు: కొందరికి పైవి ముందు వస్తాయి. దానివల్ల బిడ్డకూ, మేనమామకూ ఏమీ కాదు.

ప్రశ్న: రాత్రి పాలసీసా లేకపోతే నిద్రపోదు. ఏం చేయాలి?
జవాబు: ఒక్కసారిగా లాక్కోవద్దు. నిద్రకు ముందు పాలు తాగించి, పళ్ళు తుడిచి పడుకోబెట్టండి. సీసా అడిగితే అందులో చక్కెర తగ్గిస్తూ, తరువాత పాలు తగ్గించి నీళ్ళు కలుపుతూ, చివరికి ఉత్త నీళ్ళకు తీసుకురండి. ఏడాది దాటితే గ్లాసుతో తాగడం నేర్పండి. తీపి సిరప్పు మందులు ఇచ్చాక కూడా నీళ్ళు తాగించండి.

మా మనవరాలి సంగతి చెప్పి ముగిస్తాను. పదకొండు నెలలకు మొదటిసారి వెళ్ళింది. బాగానే ఏడ్చింది. ఏడాదిన్నరకు వెళ్ళినప్పుడు కొంచెం ఏడ్చింది. రెండేళ్ళకు తనే డాక్టరు గారి చేతిలో అద్దం లాక్కుని "ఆ" అంది. ఆ రోజు సాయంత్రం ఇంట్లో వాళ్ళ నాన్నను చాప మీద పడుకోబెట్టి, ఆ ముప్పై ఏళ్ళవాడి నోట్లో చెంచా పెట్టి పళ్ళు లెక్కపెట్టింది. వాడు కదలకుండా నోరు తెరిచి పడుకున్నాడు. మరుసటి వారం తన పంటికి చూపించుకుంటానని చెప్పాడు. ఇంకా వెళ్ళలేదు, నేను అడుగుతూనే ఉన్నాను.

ఈ రాత్రి మీ బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని పై పెదవి ఒకసారి ఎత్తి చూడండి. ఏమీ కనిపించకపోయినా తీసుకురండి. వరండాలో నేను ఎదురైతే, "అదుగో, సిస్టరమ్మ. నమస్తే చెప్పు" అనండి. అంత చాలు.

మీ
నర్సింగ్ సూపరింటెండెంట్